మూత వచ్చిన చెయ్యి

టమాటాలు ఎర్రబడే రోజులొచ్చాయంటే ఆ ఇంట్లో తెల్లవారగానే పొయ్యి మీదికి పెద్ద డేగిసా ఎక్కేది. అత్తగారు గాజు సీసాలు ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకి పట్టి, అంచు చుట్టూ వేలు తిప్పి చూసేది. ఎక్కడైనా చిన్న పెచ్చు తగిలిందా, ఇక ఆ సీసా మేకులు వేసుకోవడానికే. మంచివి మరిగే నీళ్ళలో మునిగేవి. కోడలు పెరట్లోంచి బుట్టలు మోసుకొచ్చి, కడిగి, తొడిమలు తీసి ఇచ్చేది. అత్తగారు కోసేది, నింపేది, వెనిగరూ ఉప్పూ కలిపిన వేడినీళ్ళు మెడదాకా పోసేది, అంచు పొడిగుడ్డతో తుడిచేది. మూత బిగించే వేళకి మాత్రం వంటగదిలో మాటలు ఆగిపోయేవి.

ఎందుకంటే, మూత బిగించేటప్పుడు ఎవరిని తలుచుకుంటే ఆ సీసా మూత వాళ్ళ చేతికే ఊడి వస్తుంది. ఇంకొకరు పట్టకారు పెట్టి తిప్పినా, వేడినీళ్ళు పోసినా, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఆపసోపాలు పడినా మూత కదలదు. ఇది ఆ వీధిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అందుకే మూత పట్టుకున్నవాళ్ళు మనసు దారి తప్పకుండా చూసుకోవాలి. "ఇంట్లో అందరికీ" అనుకుంటే సరిపోదా అంటే, సరిపోదు. అందరూ అనేవాడికి నోరూ కడుపూ ఉండవు కదా.

వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. ఒక ఏడాది ఆయన భార్య మొగుడి మీద అలిగి, సీసాలన్నీ వాళ్ళన్నయ్యని తలుచుకుంటూ బిగించింది. ఆ చలికాలమంతా పాపం ఆయన పూటపూటా బావమరిదిని భోజనానికి పిలుచుకురావలసి వచ్చింది. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటారు. మా ఆవిడ పెట్టనే పెట్టింది, వాళ్ళన్నయ్య దయతలచి మూత తియ్యాలి అంతే," అని ఇప్పటికీ వాపోతుంటాడు.

ఈ ఇంట్లో అలాంటి పేచీ ఎన్నడూ రాలేదు. ఇక్కడి సీసాలన్నీ కొడుకు చేతికే వచ్చేవి. అతను కరెంటు స్తంభాలెక్కి తీగలు బాగుచేసేవాడు. పొద్దున్నే తల్లి ఆ రోజుకి కావలసిన సీసాలు బల్ల మీద పెడితే, నిలబడ్డపాటున మూతలు టకటకా తీసేసి పనికి పోయేవాడు. కోడలు వండేది, ముగ్గురూ తినేవారు. ఆ ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళయినా కోడలి చేతికి ఒక్క మూతా వచ్చింది లేదు. అందులో తప్పుందని ఎవరూ అనుకోలేదు. తీసేవాడు ఇంట్లో తిరుగుతుండగా, ఇది ఎవరి కోసం పెట్టావని ఎవరడుగుతారు?

ఆ ఏడాది ఎండలు ముదరకముందే, గాలివానకి తెగిన తీగ కలుపుతూ కొడుకు స్తంభం మీద నుంచి పడిపోయాడు. మళ్ళీ లేవలేదు.

తోటకి చావు కబురు చెప్పేవాళ్ళెవరు? దాని దారిన అది కాసింది. అత్తాకోడళ్ళు కళ్ళు తుడుచుకుంటూనే కోశారు, కడిగారు, నింపారు. జీతం తెచ్చే మనిషి లేని చలికాలం ముందుంది. అరల మీద ఏముంటే అదే తిండి. అందుకని అత్తగారు ఆ ఏడు ప్రతి మూతనీ కళ్ళు గట్టిగా మూసుకుని బిగించింది. "ఇది కోడలికి. ఇదీ కోడలికి," అని పెదవులు కదుపుతూనే ఉంది. టమాటాలు, బీన్స్, దోసకాయలు, చిన్న ఉల్లిపాయలు అరల నిండా చేరాయి. ఇక పరవాలేదు, ఎలాగో గడిచిపోతుంది అనుకున్నారిద్దరూ.

చలికి పెరట్లో ఆకు మాడిన రోజున కోడలు ఒక టమాటా సీసా దించింది. మూత తిప్పింది. రాలేదు.

"చెయ్యి తడిగా ఉందేమో చూడు," అంది అత్తగారు.

కోడలు చెయ్యి తుడుచుకుని తిప్పింది. ఇంకో సీసా దించింది. బీన్స్ సీసా దించింది. సాయంత్రమయ్యేసరికి అరలన్నీ ఖాళీ, వంటగది నేలంతా సీసాలే. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. సంగతి తెలిసి గడియారాలాయన చిన్నవీ పెద్దవీ పట్టకార్లన్నీ మోసుకొచ్చి చెమటలు కక్కాడు. చివరికి ఒక సీసా పగలగొట్టి చూశారు. లోపలి టమాటా ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంది కానీ, నోట్లో పెట్టుకుంటే తడి దూది నమిలినట్టుంది. గడియారాలాయన పట్టకార్లు సంచిలో వేసుకుని, ఇద్దరి మొహాలూ చూడకుండా వెళ్ళిపోయాడు.

విడమరిచి చెప్పుకోవలసిన పని లేదు. పెదవులు కోడలి పేరు పలికాయి, మనసు కొడుక్కి పెట్టుకుంది. వేసవంతా ఆ తల్లి చచ్చిపోయిన బిడ్డకి తిండి దాచింది.

"నన్ను తిట్టవే అమ్మాయ్," అంది అత్తగారు గోడకి చేరగిలబడి. "నీ నోటి దగ్గర కూడు వాడికి పెట్టేశాను. తిట్టు."

"మీరు కావాలని చేశారా అత్తయ్యా," అంది కోడలు, గాజుపెంకులు ఏరుకుంటూ.

తిట్టినా బాగుండేది. అత్తగారికి ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. ఆకలి భయం కాదు, సిగ్గు. తొమ్మిదేళ్ళు తన కంచంలో వడ్డించిన పిల్లకి తన మనసులో పిడికెడు చోటు లేదని, అది కూడా వీధంతా తెలిసేలా, ఆ సీసాలే చెప్పేశాయి.

బస్తాలో ఉన్న బంగాళాదుంపలూ, మట్టిలో మిగిలిన క్యారెట్లూ ఉడకబెట్టుకుని రోజులు నెట్టుకొచ్చారు. ఒకరోజు కోడలు పట్నం వెళ్ళి వచ్చింది. చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి అప్పుడు చెప్పింది.

"ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని ఇస్తామన్నారు అత్తయ్యా. పైన గది కూడా ఉంది, ఒక్క మనిషికి సరిపోయేది. ఒకటో తారీకున రమ్మన్నారు."

వెళ్ళొద్దు అనడానికి అత్తగారికి నోరు రాలేదు. ఏ ముఖం పెట్టుకుని ఉండమంటుంది? పిల్లా జెల్లా లేరు, మొగుడు లేడు, ఈ ఇంటి అరల మీద తన వంతు ఒక్క సీసా లేదు.

"వెళ్ళు," అంది చివరికి. "నువ్వైనా నాలుగు వేళ్ళూ నోట్లోకి పోయే దారి చూసుకో."

"వెళ్ళేలోగా నాకు సీసాలు పెట్టడం నేర్పండి. ఆ గది కిటికీ కింద రెండు మడుల జాగా ఉంది. ఏవో వేసుకుంటాను."

"ఇన్నేళ్ళూ నా పక్కనేగా ఉన్నావు, నీకు రాకపోవడమేమిటి?"

"కడగడం వచ్చు అత్తయ్యా. మూత ఎప్పుడూ నా చేతికివ్వలేదు మీరు."

కోడలు ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే అత్తగారి గుండెలో కలుక్కుమంది.

మర్నాడు ఇద్దరూ మట్టి తవ్వి ఉన్న క్యారెట్లన్నీ పీకారు. అత్తగారి వేళ్ళు చలికి కణుపుల దగ్గర వాచి ఉన్నాయి. అయినా గుడ్డ చుట్టుకుని వేడి సీసాలు తనే తీసింది. కోడలు కత్తిపీట ముందు కూర్చుంది.

"చక్రాల్లా కొయ్యాలే. అలా పుల్లల్లా కోస్తావేమిటి?"

"నాకు పొడుగ్గా ఉంటేనే ఇష్టం అత్తయ్యా. కరకరలాడతాయి."

"మరి కూరకి ఎప్పుడూ చక్రాలే కోసేదానివి."

"ఆయనకి చక్రాలు ఇష్టం కదా."

అత్తగారు చేతిలో సీసా పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఈ పిల్లకి ఇంకేమేమి ఇష్టమో తనకి తెలియదు. పులుపు ఇష్టమో, కారం ఇష్టమో తెలియదు. తెలియని ఆకలిని తలుచుకోవడం ఎవరి తరం?

"మెడ దగ్గర అంగుళం ఖాళీ వదులు," అని మళ్ళీ పనిలో పడింది. "నిండా పోస్తే ఊపిరాడక మూతని తంతుంది. అంచు తుడిచావా? మళ్ళీ తుడువు. ఒక్క ఉప్పు రవ్వ చాలు కొంప ముంచడానికి. మూత మరీ బిగించకు, వేళ్ళకి ఆగితే చాలు, తక్కినది వేడి చూసుకుంటుంది. ఇక్కడిదాకా నేను చెప్పగలను, ఆ పైన నీ మనసు. నిన్ను నువ్వే తలుచుకో. పట్నంలో నీకెవరు పెడతారు?"

కోడలు తలూపి, మూడు సీసాలకి మూడు మూతలు బిగించింది. మరిగే నీళ్ళలోంచి తీసి గుడ్డ మీద పెట్టాక, చల్లారుతూ మూతలు ఒకటొకటే టిక్కుమని లోపలికి దిగాయి. ఆ చప్పుడు విని కోడలి మొహం విప్పారింది. మొగుడు పోయాక ఆ మొహంలో వెలుగు చూడటం అత్తగారికి అదే మొదటిసారి.

మిగిలిన క్యారెట్లు అత్తగారు తీసుకుంది. పుల్లల్లా కోసి, ఒక సీసా నింపి, కోడలు కరకర నమలడం ఊహించుకుంటూ మూత బిగించింది. మనసు కుదిరిందనే అనుకుంది. రెండు రోజులాగి ఆ సీసా కోడలి ముందు పెట్టింది. కోడలు తిప్పింది. పిడికిలి ఎర్రబడేదాకా తిప్పింది. రాలేదు.

"నా మనసు నా మాట వినడం లేదే అమ్మాయ్," అని అత్తగారు ఏడ్చేసింది. "నీ మీద కోపం లేదు. ఒట్టు. మూత ముట్టుకుంటే వాడే వచ్చి నిలబడతాడు."

"నాక్కూడా వస్తాడు అత్తయ్యా," అంది కోడలు.

ఒకటో తారీకు వచ్చింది. కోడలి పెట్టెలో బట్టలు, ఒక దుప్పటి, మధ్యలో తన మూడు సీసాలు. పట్నం బస్సు వీధి మలుపులో ఆగుతుంది. ఇద్దరూ వంటగదిలోనే నిలబడ్డారు, ముందుగదిలోకి వెళితే వీడ్కోలు చెప్పుకోవాలని.

"ఒక సీసా ఇక్కడే తీసి చూసుకో," అంది అత్తగారు. "కొత్త చెయ్యి. అక్కడికెళ్ళాక గాలి దూరిందని తెలిస్తే ఎవరినడుగుతావు?"

కోడలు ఒకటి తీసి తిప్పింది. రాలేదు. కొంగు అంచు పట్టుగా వేసి తిప్పింది. మూత కదలనే లేదు. కోడలు సీసా బల్ల మీద పెట్టి తల వంచుకుంది.

"ఇదీ ఆయనకే పోయినట్టుంది. నాకోసం నేను కూడా తలుచుకోలేకపోయాను చూడండి."

"ఉండవే, బిగింపులో తేడా ఉండొచ్చు," అని అత్తగారు సీసా అందుకుంది. మూత మట్టంగా కూర్చుందో లేదో చూద్దామని, ఆ వాచిన వేళ్ళతో పైన అలా ఆనించింది.

మూత గిర్రున తిరిగి ఊడి చేతిలోకి వచ్చింది.

వెనిగరు వాసన గుప్పుమంది. అత్తగారు చేతిలోని మూతనీ, సీసానీ, మళ్ళీ మూతనీ చూసింది. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక తన చేతికి ఒక మూత రావడం ఇదే. పుట్టింట్లో సీసాలు అన్నదమ్ములకి వచ్చేవి, ఈ ఇంటికొచ్చాక మామగారికి, తర్వాత మొగుడికి, తర్వాత కొడుక్కి. ఆవిడ ఎప్పుడూ బిగించే మనిషే. తనకి రాలేదన్న సంగతి కూడా ఆవిడకి ఇప్పుడే తట్టింది.

"ఏం తలుచుకున్నావే?" అంది.

"నన్నే తలుచుకుందామని కూర్చున్నాను అత్తయ్యా. మీరేమో ఆ వేళ్ళకి గుడ్డ చుట్టుకుని వేడి సీసాలు తీస్తున్నారు. నేను వెళ్ళిపోతే ఈవిడ ఈ చలికాలం ఏం తింటుంది అనిపించింది. మూత అప్పటికే తిరిగిపోయింది."

"మూడింటికీనా?"

కోడలు పెట్టెలోని మిగతా రెండు సీసాల వైపు చూసింది. అత్తగారు ఒక క్యారెట్ ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. కరకరలాడింది. పుల్లగా, ఉప్పగా, పచ్చి తోట వాసన వేస్తూ ఉంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే నమిలింది. కడుపులోకి ఏదో దిగినట్టు కాదు, తన పేరు పెట్టి ఎవరో పిలిచినట్టుంది ఆవిడకి. ఇంకో ముక్క కోడలికి అందించింది.

వీధి మలుపులో బస్సు హారన్ మోగింది. కోడలు పెట్టె దగ్గరికి వెళ్ళి, మిగిలిన రెండు సీసాలూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇవి కూడా తియ్యండి అత్తయ్యా."

"వద్దే, అలాగే ఉంచు. మూత తీశామంటే వారం తిరక్కుండా తినెయ్యాలి. మూడు సీసాలు నేనొక్కదాన్ని ఎక్కడ తినగలను?"

"మీరొక్కరే ఎందుకు తింటారు? తియ్యండి."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. బస్సు ఇంకోసారి హారన్ కొట్టి, కాసేపు ఆగి, కదిలి వెళ్ళిపోయింది. అత్తగారు రెండో మూత తీసింది, మూడోదీ తీసింది. కోడలు రెండు కంచాలు కడిగి తెచ్చింది.