ఇరవయ్యో సంతకం

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి, అక్రాలో మదీనా వ్యాన్ల స్టాండు వెనకున్న ఆంటీ కోర్కోర్ చాప్‌బార్ అనే చిన్న భోజన హోటల్లో, జిల్డాస్ లుబాకి చేతులు కడుక్కుని డ్రైవర్ల సంఘం చైర్మన్ ఒపారే తింటున్న ఫుఫు గిన్నెలో, దంచిన దుంపల ముద్దా పులుసూ ఉన్నదాంట్లో, చెయ్యి పెట్టాడు. మొదట తీసింది మేక మాంసం ముక్క.

జిల్డాస్‌ది ఫ్రెంచి మాట్లాడే కాంగోలోని పాయింట్ నోయిర్. అక్కడి రేవు ఆఫీసులో ఉద్యోగం ఖాయమైంది. ఇంగ్లిషు సర్టిఫికెట్ చూపిస్తేనే చేర్చుకుంటారు. అక్రాలో అతను చేరిన ఇన్‌స్టిట్యూట్‌కు ఒక పద్ధతుంది. ఒక్కో విద్యార్థికి ఒక్కో హోటల్ చెబుతారు. ఇరవై రోజులు మధ్యాహ్నం అక్కడే తిని, ఇంగ్లిషులోనే మాట్లాడి, రోజూ యజమాని చేత కార్డు మీద సంతకం పెట్టించుకోవాలి. ఇరవై ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. అతని కార్డులో పంతొమ్మిది ఉన్నాయి. గడువు ఆ సాయంత్రం నాలుగింటికి.

పంతొమ్మిది రోజులూ గోడ పక్క బల్ల దగ్గర ఒక్కడే తిన్నాడు. ఎవరూ పలకరించలేదు. ఆ రోజు బల్లలన్నీ నిండిపోయాయి. నిలబడి ఉంటే ఒపారే తలెత్తి, "రా తమ్ముడూ, తిందాం," అన్నాడు. అక్రాలో అది మర్యాద మాట; తినేవాడు ఎదుట నిలబడ్డవాడితో అలా అనాలి. నిలబడ్డవాడు థాంక్స్ చెప్పి కదలాలి. జిల్డాస్ ఊళ్లో రమ్మంటే కూర్చుంటారు. కూర్చున్నాడు.

ఒపారే గిన్నెలోంచి చెయ్యి తీసేశాడు.

"ఒరేయ్ ఫ్రెంచోడా!" పక్క బల్ల దగ్గరి డ్రైవరు లార్బి లేచాడు. "మాంసం ఆఖర్న పెద్దాయన పంచుతాడు. మీ నాన్న గిన్నెలో కూడా ఇట్లాగే దేవుతావా?"

"వాళ్ల నాన్నకి గిన్నె ఎక్కడేడిసింది?" అన్నారు వెనకనుంచి. నవ్వారు.

జిల్డాస్ లేచి, "క్షమించండి సార్," అన్నాడు.

ఒపారే చేతులు కడుక్కుంటూ లార్బితో మాట్లాడాడు. "వీడు నాతో మాట్లాడతాడేంటి? పెద్దవాడి దగ్గర తప్పు చేసి, తన తరఫున మాట్లాడే మనిషిని వెంటబెట్టుకోకుండా వచ్చి నిలబడతాడా?"

జిల్డాస్ చాపిన కార్డును యజమానురాలు కోర్కోర్ ముట్టుకోలేదు. "ఆయన ఊ అనేదాకా నా పెన్ను కదలదు. నా గిరాకీలో సగం ఆయన డ్రైవర్లే."

"ఆంటీ, నా తరఫున మీరు ఒక్క మాట చెప్పండి."

"నేను నీకేమవుతానని?"

జిల్డాస్ టీచరుకు ఫోన్ చేశాడు. "హోటల్ గొడవ హోటల్లోనే తేల్చుకో. నాలుగు దాటితే కార్డు తీసుకోం," అన్నాడు టీచరు.

తన తరఫున మాట్లాడమని స్టాండులో ముగ్గురు డ్రైవర్లను అడిగాడు. ఇద్దరు మొహం తిప్పుకున్నారు. మూడోవాడు వ్యాను అద్దం ఎత్తేశాడు.

మూడూ పదికి మళ్లీ చాప్‌బార్‌కు వచ్చాడు. ఒపారే, లార్బి గళ్ల బల్ల ముందు కూర్చుని కాయలు జరుపుతున్నారు.

"నేను మాట్లాడతాలే," అన్నాడు లార్బి. "ఊరికే కాదు. 'మా దేశంలో తిండికి మొహం వాచి ఇక్కడికొచ్చాను' అని ఇంగ్లిషులో చెప్పు. అందరికీ వినబడాలి."

జిల్డాస్ తండ్రికి పాయింట్ నోయిర్‌లో రొట్టెల బట్టీ ఉంది. రోజూ తెల్లవారేసరికి అతని రొట్టె మూడు వీధులకు అందుతుంది.

జిల్డాస్ గోడ గడియారం చూశాడు. చెప్పాడు.

"వెనకున్నోళ్లకి వినబళ్లేదు," అన్నాడు లార్బి.

మళ్లీ చెప్పాడు. పెరట్లో ఫుఫు దంచే ఆడవాళ్లు రోకళ్లు ఆపారు.

లార్బి ఒపారే వైపు తిరిగాడు. "చైర్మన్ గారూ, వీడికి మర్యాద నేర్పినవాళ్లు లేరు. వీడి తరఫున నేను తల వంచుతున్నా."

ఒపారే ఒక కాయ జరిపాడు. "విన్నానని వాడికి చెప్పు. రేపట్నించి ఈ గడప తొక్కొద్దని కూడా చెప్పు."

"విన్నార్ట," అన్నాడు లార్బి. "ఇక పో."

కోర్కోర్ మూడూ ముప్పై నాలుగుకు సంతకం చేసింది. కార్డు అతని చేతికివ్వకుండా బల్ల మీద పడేసింది.

కార్డు అందినట్టు ఇన్‌స్టిట్యూట్ ఆఫీసు వేసిన ముద్రలో సమయం మూడూ యాభై రెండు.