గేటు దగ్గరి తల్లి

మంగళవారం మార్నింగ్ టీ అయ్యాక కప్పులు కడగడం తేజస్విని పని. ఎవరూ చెప్పలేదు, అలా అయిపోయింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మొహమాటానికి కడిగింది. రెండో వారానికి సింక్ పక్కన కప్పులు ఆమె కోసమే ఎదురుచూస్తున్నాయి. పెళ్లయి మూడు నెలలు. పొద్దున భార్గవ్ ఆమె లంచ్‌బాక్స్‌లో ఉప్మా మీద జీడిపప్పులతో నవ్వు మొహం పేర్చాడు. అది తలుచుకుంటూ చన్నీళ్లలో కూడా హాయిగానే కడిగేస్తోంది.

"నీ చెయ్యి పడితే కప్పులు ఎలా మెరుస్తాయో, డార్లింగ్!" అంది లినెట్.

తేజస్విని పనిచేసే ఊరి చరిత్ర మ్యూజియానికి లినెట్ మేనేజర్. టీకి ముందు ఆవిడే లేచి నిలబడి, ఈ నేల అసలు హక్కుదారులైన అబొరిజినల్ ప్రజలకు వందనం చదువుతుంది. ప్రతిసారీ గొంతు వణుకుతుంది. తర్వాత స్కోన్స్ అనే బన్నులు పంచుతుంది.

ఆ రోజు కార్లీన్ అనే అబొరిజినల్ పెద్దావిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ల నానమ్మ ఎల్సీని ఎనిమిదేళ్లప్పుడు ప్రభుత్వం తల్లి దగ్గర్నుంచి పట్టుకెళ్లి, ఒక తెల్ల దొరసాని ఇంట్లో పనికి పెట్టింది. 'మా అమ్మే నన్ను వదిలేసింది' అనుకుంటూనే ఎల్సీ పోయింది. అది నిజమేనా? మీ దగ్గర ఏమైనా కాగితాలున్నాయా?

ఆ దొరసాని లినెట్‌కు ముత్తవ్వ.

"ఏమీ లేవని రాసెయ్," అంది లినెట్.

"ఉన్నాయి కదా లినెట్! పోయిన వారం నేనే స్కాన్ చేశాను." దొరికిందన్న సంతోషం తప్ప తేజస్వినికి మరో ఆలోచన లేదు. పరుగున ఆ దొరసాని డైరీ తెచ్చి చూపించింది. ముత్యాల్లాంటి అక్షరాలు. *ఎల్సీ తల్లి ఈరోజూ గేటు దగ్గరికొచ్చింది. పిల్లకి వినపడకుండా పియానో వాయించాను. తర్వాత చాలాసేపు ఏడ్చాను.*

లినెట్ కళ్లు నిండిపోయాయి. "మా ముత్తవ్వ ఆ పిల్లని కన్నకూతురిలా చూసింది. ఆ రోజుల్లో ఆడదాని మాట ఎవరు విన్నారు? నిన్ను నేనెంత బాగా చూసుకున్నాను తేజా! నన్నిలా బాధపెడతావా?"

అందరూ లినెట్ చుట్టూ చేరారు. టిష్యూలు తెచ్చిచ్చింది తేజస్వినే. ఉద్యోగంలో ఉంచాలో వద్దో తేల్చే ప్రొబేషన్ రిపోర్టు లినెట్ శుక్రవారం రాస్తుందనీ, ఆలోగా సారీ చెప్పి ఏమీ లేవని ఉత్తరం టైప్ చేసెయ్యమనీ పక్క సీటు పామ్ చెవిలో చెప్పింది.

సాయంత్రం నగర శివారు ట్రుగనీనాలో, తమ కొత్తింట్లో భార్గవ్ ఉల్లిపాయలు తరుగుతూ అంతా విన్నాడు. "ఎప్పటి ముచ్చటనో తేజూ, మనకెందుకు? ఈ దేశంల ఉండనిచ్చే పీఆర్ అప్లికేషన్ నడుస్తుంది. సారీ చెప్తే ఏం పోతది? మా అమ్మ ఏడ్చిననాడు చెప్పలేదా?"

చెప్పింది. పెళ్లయిన పదో రోజు 'మీవాళ్లు నీకు పని నేర్పలేదా' అన్నది అత్తగారు. 'అలా అనకండి' అంటే ఏడ్చిందీ అత్తగారే. సారీ చెప్పింది మాత్రం తేజస్విని. ఇంట్లో అందరూ ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారో! ఏడ్చేవాళ్ల చుట్టూ జనం చేరాక దెబ్బ ఎవరికి తగిలిందని ఎవరూ అడగరు. అదీ కొందరి ఏడుపుకే. గేటు బయట ఆ తల్లీ ఏడ్చే ఉంటుంది, ఆవిడ దగ్గరికి ఎవరు వెళ్లారు? ఈ ఇంటికి కర్టెన్ల రంగు ఎంచుకుంటూ మురిసిపోయిన తనకు మాత్రం, ఈ నేల ఎవరిదన్న ఆలోచన ఒక్కనాడైనా వచ్చిందా?

శుక్రవారం. తేజస్విని టైప్ చేసిన ఉత్తరం స్క్రీన్ మీద తయారుగా ఉంది. 'మీరడిగిన వివరాలు మా దగ్గర లేవు.' సంతకం చోట లినెట్ పేరు లేదు. తన పేరుంది.

"సారీ చెప్పావా?" అంది పామ్.

"లేదు." తేజస్విని ఆ ఉత్తరం చెరిపేసి, కార్లీన్ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసింది.

"కార్లీన్ ఆంటీ," నోటికి ఆ పిలుపే వచ్చింది. "మీ నానమ్మని వాళ్లమ్మ వదిలెయ్యలేదు. ఆమె కోసం వచ్చింది. ఆ ఇంటావిడే డైరీలో రాసుకుంది. పేజీలు ఇప్పుడే పంపుతున్నాను."

లినెట్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎన్నిసార్లొచ్చిందమ్మా?" అంది ఫోన్‌లో కార్లీన్.

తేజస్విని చివరి పేజీ దాకా తిప్పి లెక్కపెట్టింది.

"రాసినవే పదకొండు, ఆంటీ."