నా ఇసుక సంచి

మావారి పాత జీన్స్ ప్యాంటు కాలొకటి రెండు ముక్కలుగా కత్తిరించి, లోపల ఇసుక నింపి, మూతులు కుట్టేశాను. ఒకటి పెద్ద సంచి, తుపాకీ ముందుభాగం కింద పెట్టడానికి. ఒకటి చిన్నది, తుపాకీ మడమ కింద పెట్టడానికి. ఆయన రైఫిల్ క్లబ్బులో చేరిన కొత్తలో మాట ఇది. బల్ల దగ్గర కూర్చుని కాల్చేవాళ్ళు ఎవరి సంచులు వాళ్ళు తెచ్చుకోవాలట. "రెండు సంచులు కుట్టిపెట్టవోయ్, నీకు చిటికెలో పని" అన్నారు. ఆయన దృష్టిలో నా పనులన్నీ చిటికెలో అయిపోయేవే. వంట, ఇస్త్రీ, అత్తయ్య మందులు, ఆయన కోసం వచ్చిపోయేవాళ్ళకు టీలు. నిజంగా అన్ని చిటికెలు వేసి ఉంటే ఈపాటికి వేళ్ళు అరిగిపోవాలి. ఆ జీన్స్ గుడ్డకు మిషన్ సూది రెండుసార్లు విరిగింది. ఆ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

సంచులతో పాటు నేనూ క్లబ్బుకు వెళ్ళేదాన్ని. ఆదివారాలు పొద్దున్నే బల్లమీద సంచులు సర్దడం, ఫ్లాస్కు అందివ్వడం, పక్కన కూర్చుని టెలిస్కోపులోంచి గుండు ఎక్కడ పడిందో చూసి చెప్పడం నా ఉద్యోగం. "కుడివైపు, కాస్త కిందికి" అంటే, "సరిగ్గా చూశావా?" అనేవారు. నేను సరిగ్గా చూశానా అన్న అనుమానమే తప్ప, తాను సరిగ్గా కాల్చానా అన్న అనుమానం ఆయనకు ఏనాడూ రాలేదు. ఇంటికొచ్చాక కమిలిన భుజానికి మందు రాసేదాన్ని. దెబ్బకు భయపడి ఆయన తుపాకీ మడమను భుజానికి పూర్తిగా ఆనించేవారు కాదు. ఆ కాస్త సందులోనే అది ఊపు తెచ్చుకుని ఫెడీమని తన్నేది. ఒకరోజు ఉండబట్టలేక "దగ్గరగా హత్తుకుని చూడరాదూ?" అన్నాను. "అది తన్నేది నన్నా, నిన్నా?" అన్నారు. మందు డబ్బా మూత పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఒక ఆదివారం ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ బయటికి వెళ్ళారు. క్లబ్బులో కాల్చడం నేర్పే కోచ్ నా దగ్గరికి వచ్చింది. మా చిన్నమ్మాయి వయసు ఉంటుంది, నన్ను అక్కా అంటుంది. "ఎప్పుడూ పక్కనే కూర్చుంటారేంటక్కా? ఓసారి ఇక్కడ కూర్చోండి" అని ఆయన స్టూలు చూపించింది. మొహమాటపడుతూనే కూర్చున్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "సగం స్టూలే వాడుతున్నారు. ఎక్కడికన్నా పరిగెత్తాలా?"

వంగి చూసుకున్నాను. నిజమే. స్టూలు అంచున కూర్చుని, ఒక మడమ పైకెత్తి ఉంచాను. నేను కూర్చునే పద్ధతే అది. భోజనాల బల్ల దగ్గర అలాగే, "నీళ్ళు" అనగానే లేవడానికి వీలుగా. చుట్టాలింటికి వెళ్ళినా అలాగే, వాళ్ళ వంటింట్లో చెయ్యి సాయం పట్టాలి కదా. నేను ఎక్స్‌రేలు తీసే ఆసుపత్రి గదిలోనూ అలాగే, డాక్టరుగారు తలుపు తట్టేలోపే లేచి నిలబడాలని. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు కూడా మంచం ఓరనే పడుకున్నట్టు గుర్తు. నాలుగు కాళ్ళున్న ప్రతి వస్తువు మీదా నేను అద్దెకున్నట్టే బతికాను. దీనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కోచ్ మాత్రం మామూలుగా చెప్పుకుపోతోంది. "తుపాకీ వెనక్కి వస్తుంది కదక్కా, వచ్చి మీ దగ్గర ఆగాలి. మీరే సగం లేచి ఉంటే అదెక్కడ ఆగుతుంది? స్టూలు మొత్తం మీదే. పాదాలు రెండూ నేలమీద పెట్టండి. పక్కకు తిరగొద్దు, దాని వెనకాల తిన్నగా ఉండండి."

పూర్తిగా కూర్చున్నాను. తుపాకీ మడమను భుజం గుంటలోకి చేర్చి చెంప ఆనించాను. "కుడిచేత్తో పిసికెయ్యకండి, కరచాలనం చేసినట్టు చాలు. ఎడమచేత్తో ముందుభాగం పట్టుకోవద్దు, వెనక్కి తెచ్చి చిన్న సంచి మీద పెట్టండి. సంచిని పిడికిట్లో నొక్కితే మడమ లేచి గురి కిందికి దిగుతుంది, వదిలితే పైకి లేస్తుంది. ఊపిరి వదిలి, అక్కడ ఆగండి. కదలకండి." నాకు నవ్వొచ్చింది. ఎక్స్‌రే తీస్తూ రోజంతా జనానికి నేను చెప్పే మాటలే ఇవి. ఇన్నేళ్ళకు ఒకరు నాకు చెప్పారు. ట్రిగ్గర్ మెల్లగా నొక్కాను. తుపాకీ తన్నలేదు, తోసింది. రద్దీలో వెనకవాళ్ళు తోస్తే సర్దుకుని నిలబడతామే, అంతే. తిన్నగా వచ్చి నా దగ్గర ఆగింది. గట్టిగా నవ్వేశాను. చాలా సంతోషం వేసింది.

ఆ తర్వాత కోచ్ ఒక తమాషా చేసింది. తూటాల మధ్య మందు లేని ఉత్త తూటా ఒకటి నాకు తెలియకుండా కలిపింది. దాని వంతు రాగానే టిక్కుమంది, అంతే. మోత లేదు, పొగ లేదు. కానీ తుపాకీ మూతి మాత్రం కిందికి పొడుచుకుపోయింది. "చూశారా? దెబ్బ రాకముందే ఉలిక్కిపడ్డారు. తన్నకముందే తన్ను తినేస్తున్నారక్కా. అందరూ చేసేదే, పోతుందిలెండి" అంది. అందరూ చేసేదే కావచ్చు. నాకు మాత్రం ఆ టిక్కు చాలా రోజులు చెవిలోనే ఉండిపోయింది. మావారు కంచం ముందు గొంతు సవరించుకుంటే చాలు, నేను క్షమాపణ సిద్ధం చేసుకునేదాన్ని. ఒక్కోసారి ఆయన సవరించుకునేది ఉత్త గొంతే, ఏ మాటా రాదు. ఫిల్ము చక్కగా వస్తే "మెషిన్ మంచిది" అని, చెడితే "ఎవరు తీసిందిది?" అనే డాక్టరుగారు మెట్లెక్కుతున్న చప్పుడుకే నా మెడ నరాలు బిగుసుకునేవి. నా జీవితంలో నన్నెవరూ కొట్టలేదు. అయినా ఎన్ని దెబ్బలు తిన్నానో. క్లబ్బు తుపాకీతో సాధన చేస్తూ, ఉత్త తూటాకు మూతి కదలకుండా ఉండడం నేర్చుకోవడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది. ప్యాంటు రెండో కాలితో నా పిడికిలికి సరిపోయేలా ఒక చిన్న సంచి కుట్టుకున్నాను. ఈసారి మిషన్ సూది విరగలేదు, నిదానంగా కుట్టాను.

క్లబ్బులో పోటీలు పెట్టారు. నా పేరు నేనే ఇచ్చాను. మావారు ముఖం గంటు పెట్టుకున్నారు. "ఇద్దరం ఒకే రౌండులో కాలిస్తే నాకు టెలిస్కోపు ఎవరు చూస్తారు? ఈసారికి నీ పేరు తీయించెయ్. ఎలాగూ సరదాకే కదా నువ్వు." "చూద్దాం" అన్నాను. మా ఇంట్లో నా 'చూద్దాం' అంటే సరేనని అర్థం, ఆయన నిశ్చింతగా పేపరు తిప్పారు. నాకు మాత్రం మనసు మనసులో లేదు. కప్పు మీద ఆశ లేదు. నా పేరు పిలిచినప్పుడు ఆ స్టూలు మీద పూర్తిగా కూర్చోవాలి, అదొక్కటే కావాలి.

పక్కగదిలోంచి అత్తయ్య పిలిచింది. "అమ్మాయ్, ఆ తుపాకీ గట్టిగా తన్నుతుందటే?"

"దూరంగా పట్టుకుంటే తన్నుతుంది అత్తయ్యా. దగ్గరగా హత్తుకుంటే తోస్తుందంతే."

మందుల డబ్బా దగ్గరికి లాక్కున్న చప్పుడైంది. "టెలిస్కోపు వాడే చూసుకోలేడూ? వాడి కళ్ళకేమొచ్చింది? ఆదివారం నా మందులు నేనే వేసుకుంటాలే, నువ్వు పొద్దున్నే బయల్దేరు."

పోటీ రోజు పక్కపక్క బల్లలే వచ్చాయి మాకు. నా పేరు ఇంకా జాబితాలోనే ఉందని మావారికి అక్కడే తెలిసింది. కారులోంచి తెచ్చిన సంచులు బల్లమీద ధబీమని పడేశారు. చిన్నదాని కుట్టు విడిపోయి ఇసుక జలజలా రాలింది. రౌండు మొదలవడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. ఆయన నా బల్లవైపు చెయ్యి చాపారు. "నీ సంచి ఇలా ఇవ్వు. నువ్వు కాల్చకపోతే పోయేదేముంది?"

నా చెయ్యి అప్పటికే సంచి మీదికి వెళ్ళిపోయింది. ఒక మడమ పైకి లేచింది, నేను స్టూలు అంచుకు జరిగాను. ఉత్త తూటాకు తుపాకీ మూతి కిందికి పోయినట్టే. చూసుకున్నాను. చూసుకుని, మడమ దించి, వెనక్కి జరిగి సరిగ్గా కూర్చున్నాను. హ్యాండుబ్యాగులో ఎప్పుడూ ఉండే సూదీ దారం తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"ఏమిటిది?"

"జీన్స్ గుడ్డ కదా, సూది కాస్త గట్టిగా గుచ్చాలి."

"నేనా? ఇప్పుడా?"

"చిటికెలో పనండీ" అని, మోత ఆపే కప్పులు చెవులకు పెట్టేసుకున్నాను.