వావ్రా గారి గేటు

మా శాండ్‌హిల్స్‌లో ఈ ఇసుక దిబ్బల సీమలో ఒకరి నేల మీద మందల్ని వేటాడే కయోటీని కొట్టాలంటే ముందు ఆ నేలగలవారిని అడగాలి. ఫోన్లో అడిగితే అడిగినట్టు కాదు. పగటిపూట వెళ్ళాలి, తుపాకీ ఇంట్లో వదిలి వెళ్ళాలి, టోపీ తీసి చేత్తో పట్టుకోవాలి, అసలు సంగతి ఎత్తేముందు వాన గురించి కాసేపు మాట్లాడాలి. ఇంత మర్యాద ఎరిగిన ఊళ్ళో మా నాన్న ఎమిల్ కుచేరా ఎలా పుట్టాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఓ ఆగస్టు నెలలో మా నాన్న కయోటీ వెంటపడి, ఎవర్నీ అడక్కుండా హిల్డ్రెడ్ వావ్రా గారి బీడులో దూరాడు. తిరిగొస్తుంటే ఓ తీగ గేటు బార్లా తెరిచి కనిపించింది. పాపం ఎవరో మరిచిపోయారనుకుని, ఎంతో మంచితనంతో దాన్ని మూసేసి వచ్చాడు. ఆ గేటు అవతలే గాలిమర, నీళ్ళ తొట్టి. రెండు రోజులు ఆవులు నీళ్ళు లేక అల్లాడాయి, మూడు చచ్చాయి. పోనీ వెళ్ళి తప్పయిందని చెప్పాడా? లేదు. సిగ్గుపడి ఆ దారినే పోవడం మానేశాడు. ఆనాటి నుంచి ఆవిడ ఇంటి ముంగిట గేటుకి గొలుసు పడింది. మా వంశానికి ‘గేటు కుచేరాలు’ అని పేరు పడింది.

ఈ ఏప్రిల్లో మా గొర్రెలు ఈనడం మొదలెట్టాక పది రోజుల్లో తొమ్మిది పిల్లలు కయోటీకి బలైపోయాయి. కయోటీ అంటే నక్కకు అన్న, తోడేలుకు తమ్ముడు. ఇద్దరి బుద్ధులూ దానికున్నాయి. అడుగుజాడలు చూస్తే సరిగ్గా వావ్రా గారి ఉత్తర బీడులోకి వెళ్ళాయి. కంచె ఇవతల నిలబడి పళ్ళు కొరుక్కోవడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.

గొర్రెలు నా భార్య డోరీన్‌వి. ఒక్కో పిల్లనీ పొయ్యి పక్కన పెట్టుకుని సీసాతో పాలు పట్టే మనిషి. తొమ్మిదోదాన్ని పూడ్చిపెట్టి వచ్చి బూట్లు విప్పకుండానే కూర్చుంది.

"ఇంకొక్కటి పోతే మొత్తం మంద అమ్మేస్తాను లైల్. నావల్ల కాదు. వెళ్ళి ఆవిణ్ణి అడుగు."

"ఆవిడ ఇవ్వదు. కుక్కని వదిలినా వదుల్తుంది."

"అడగందే అమ్మయినా పెట్టదు. కుక్క చచ్చి నాలుగేళ్ళయింది. ఇవిగో కొలాచీ తీపి బన్నులు, పట్టుకెళ్ళు."

నాకు యాభై రెండేళ్ళు. అయినా ఆ గొలుసు గేటు దగ్గర పికప్ ఆపి, బడిపిల్లాడిలా జుట్టు సర్దుకుని హారన్ కొట్టాను. హిల్డ్రెడ్ గారు వచ్చి, నన్ను కిందినుంచి పైదాకా చూసి, గొలుసు తీశారు. వంటింట్లో కూర్చోబెట్టారు. బల్ల మీద ఒకే ఒక్క కాఫీ కప్పు ఉంది. వాన గురించి మాట్లాడాను. గాలి గురించి మాట్లాడాను. ఆవిడ రెండు కొలాచీలు తిన్నారు.

"పిండి కాస్త గట్టిపడింది. మీ ఆవిడకి చెప్పు. ఊఁ, ఇంక అడుగు."

అడిగాను. తొమ్మిది పిల్లల సంగతీ చెప్పాను.

"మీ ఇంటివాళ్ళకి అడగడం కూడా వచ్చా! ఎవరు నేర్పార్రా?"

"అవసరం నేర్పిందమ్మా."

ఆవిడ నవ్వలేదు. "ముందు ఉత్తర బీడుకి వెళ్ళి వాటి బొరియ ఎక్కడుందో చూసిరా. తుపాకీ సంగతి తర్వాత."

మట్టిదారిన ఆరు మైళ్ళు వెళ్ళాను. అదే గేటు. అదే గాలిమర. గేటు బార్లా తెరిచి, తీగలు ఇసుకలో పడున్నాయి.

ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యాలన్నది మా ప్రాంతపు మొదటి నీతి. కానీ రాత్రి గాలికి కొక్కెం ఊడి పడుంటేనో? ఎద్దులు వెళ్ళి పెయ్యల్లో కలిస్తే వచ్చే చలికాలం నడిమధ్యలో ఈనుతాయి, దూడలు మంచుకి చస్తాయి. వదిలేస్తే ఒక తంటా, మూస్తే ఇంకో తంటా. చుట్టూ చూస్తే ఒక్క ఆవూ కనిపించదు, కానీ మా ఇసుక దిబ్బల వెనక వంద ఆవులు నిలబడ్డా తెలియదు. మా నాన్నని నోరారా తిట్టుకుని, పికప్ వెనక్కి తిప్పాను.

హిల్డ్రెడ్ గారు వాకిట్లోనే ఉన్నారు.

"బొరియ కనిపించిందా?"

"అంత దూరం పోలేదమ్మా. గేటు తీసుంది. ఉంచాలో మూయాలో అడుగుదామని వచ్చాను."

"ఆరు మైళ్ళు వెనక్కొచ్చావా, ఇది అడగడానికి?"

"అవును."

ఆవిడ గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు. తర్వాత మెల్లగా అన్నారు: "మూసినా ఒకటే, తీసినా ఒకటే. ఆవుల్లేవు. మొన్న అక్టోబరులో అన్నీ అమ్మేశాను."

లారీలు రావడం మేమంతా చూశాం. ఏటా అమ్మినట్టే దూడల్ని అమ్మారనుకున్నాం. ఎవరం వెళ్ళి అడగలేదు.

"మీ గొర్రెపిల్లల సంగతి ఊళ్ళో విని, అడగడానికొస్తావని నాలుగు రోజుల కిందటే నేనే తీసిపెట్టాను, నువ్వేం చేస్తావో చూద్దామని," అన్నారావిడ. "మీ నాన్న ఈ ఒక్క మాట వచ్చి అడిగుంటే బావుండేది. మూసినందుకు కాదురా నా కోపం. మళ్ళీ రానందుకు."

నాకు ముందు ఒళ్ళు మండింది, పన్నెండు మైళ్ళు ఊరికే తిప్పినందుకు. అంతలో ఆవిడ వంటింట్లో చూసిన ఒంటి కాఫీ కప్పు గుర్తొచ్చి, చాలా సిగ్గేసింది.

"రేపట్నుంచి వచ్చి కొట్టుకో," అన్నారు.

"సీజనంతటికీ ఓ కాగితం రాసిస్తారా? రోజూ మిమ్మల్ని విసిగించను."

"కాగితమిస్తే నువ్వీ గుమ్మం ఎక్కవు. వచ్చిన ప్రతిసారీ అడగాలి. అదే నా షరతు. ఆ పిండి మాత్రం కాస్త మెత్తగా కలపమను."

ఐదోసారి అడిగి వెళ్ళిన రోజున జంట కయోటీలు రెండూ దొరికాయి. పదో పిల్ల పోలేదు. డోరీన్ మంద అలాగే ఉంది.

అయినా తర్వాతి శుక్రవారం తను కొలాచీలు చేసి నా చేతిలో పెట్టింది. తుపాకీ ఇంట్లో ఉంచి, వాన గురించి ఏం మాట్లాడాలా అనుకుంటూ వెళ్ళాను. ముంగిట గేటుకి గొలుసు లేదు, బార్లా తీసుంది. లోపలికి పోనిచ్చి, పికప్ దిగి, మూయాలా వద్దా అని తటపటాయిస్తూ నిలబడ్డాను.

వంటింటి కిటికీలోంచి కేక వినిపించింది: "దాని గురించి అడగక్కర్లేదులేరా. అలాగే ఉంచి రా, కాఫీ చల్లారిపోతోంది!"