ఫ్రీజరు నిండేదాకా

“నీ ఆపరేషన్‌కు నేనేమన్న అడ్డం పడుతున్ననా? ఇంట్ల తిండికి తిప్పలు కాకుంట చేసి పెట్టి పో అంటున్న. గంతే గదా.”

ధనుంజయ్ ఈ మాట అన్నది స్నానం చేసి వచ్చి, తల తుడుచుకుంటూ, చాలా మామూలుగా. కోరుట్ల బస్టాండు దగ్గర చీరల దుకాణం నడిపే మనిషి. బేరం తెగినప్పుడు ఎట్లా మాట్లాడతాడో అట్లాగే మాట్లాడాడు. మాధవికి కూడా అది మంచి బేరంలాగే వినిపించింది. గర్భసంచిలో గడ్డలున్నాయని, రక్తం ఇట్లాగే పోతుంటే మనిషి నిలబడదని, తీసేయాల్సిందేనని జగిత్యాల డాక్టరమ్మ చెప్పి అప్పటికే ఏడాది దాటింది. మొదట దసరా గిరాకీ అడ్డమొచ్చింది. తర్వాత పెళ్లిళ్ల గిరాకీ. ఆ తర్వాత కొడుకు సంపత్ డిగ్రీ పరీక్షలు. వద్దని ఎవరూ అనలేదు. ఏదో ఒకటి అడ్డమొస్తూ పోయింది, అంతే. ఇది చేస్తే పోవచ్చు అని ఒక దారి కనిపించడం ఇదే మొదలు.

అయితే ఆ ఇంట్లో తిండి అంటే మామూలు తిండి కాదు. రెండేళ్ల కిందట ధనుంజయ్ జగిత్యాలలో ఒక ధ్యానం గుంపులో చేరాడు. మొదట మాంసం మానేశాడు, తర్వాత గుడ్డు, ఆ తర్వాత పాలు, పెరుగు, నెయ్యి. దూడను తల్లి పొదుగు దగ్గర్నుంచి గుంజి కట్టేసే వీడియో ఒకటి చూసి, సోఫాలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు కూడా. “నోరు లేని జీవి మాధవీ, దాని నొప్పి ఎవ్వలు సూస్తరు?” అన్నాడు. మాధవి అప్పుడు పొత్తికడుపు మీద ఒక చేయి వేసుకుని, ఇంకో చేత్తో పొయ్యి గట్టు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు నోరుంది కాబట్టి కాబోలు, ఆయన అటు తిరిగి చూడలేదు.

మానేసింది ఆయన. మానేసినదాని బదులు ఇంకోటి పుట్టించాల్సింది ఆమె. పల్లీలు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వడగట్టి ఆయన చాయకు పాలు తీయాలి. వాటినే తోడుపెట్టి పెరుగు చేయాలి. తోడుకోనినాడు “నీకు మనసు పెట్టి చేసుడు రాదు” అనే మాట పడాలి. అత్త ఇంద్రమ్మకు బర్రె పాల చాయే కావాలి, వేరే గిన్నెలో. సంపత్ బయట బండి దగ్గర ఆమ్లెట్ తిని వచ్చి, ఇంట్లో కూర చూసి మూతి తిప్పుతాడు. ఒక్క పొయ్యి మీద ముగ్గురి వంట మూడు రకాలుగా నడిచేది. మాధవి మాత్రం ఎవరి గిన్నెలో ఏది మిగిలితే అది తినేది.

ఫ్రీజర్లో నిలవ పెట్టుకునే బిళ్లలు కూడా అట్లాగే వచ్చాయి. ఏదో మీటింగులో పెట్టారట. “ప్యాటీ అంటరు. జొన్నలు, పప్పులు, కూరగాయలు అన్ని ఒక్కదాంట్లనే. చేసి ఫ్రీజర్ల పెట్టుకుంటె ఎప్పుడంటె అప్పుడు కాల్చుకోవచ్చు. శానా అల్కగ అయితయి” అని ధనుంజయ్ ఫోనులో ఫొటో చూపించాడు.

అంత సులువుగా ఏమీ కాలేదు. జొన్నలు, పెసర్లు, బబ్బెర్లు ముందు రోజే నానబెట్టాలి. జొన్నలు ఉడికే సమయం వేరు, పప్పులు ఉడికే సమయం వేరు. పలుకు మిగిలితే బిళ్ల పగులుతుంది, మెత్తబడితే అంబలి అవుతుంది. క్యారెట్, బీన్స్, బీట్‌రూట్ తురిమి, ఉప్పు వేసి, గుడ్డలో కట్టి పిండాలి. గుడ్డు వేయొద్దు కాబట్టి ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకోవడానికి అవిసె గింజల పొడి నీళ్లలో నానబెట్టి కలపాలి. ఇంత చేసినా మొదటిసారి పెనం మీద విడిపోయి ఉప్మా అయ్యాయి. “బిళ్లలన్నవు, గిదేందే?” అని ఇంద్రమ్మ మంచంలోంచే నవ్వింది. రెండోసారి ఫ్రీజర్లోంచి తీసేసరికి అన్నీ అతుక్కుని ఒక్క బండ అయింది.

దారి చూపించింది పక్కింటి సర్వర్ బీ, మాధవి అక్క వరసలో ‘ఆపా’ అని పిలిచే మనిషి. జాకెట్లు కుట్టే మనిషి, ఏటా రంజాన్‌కు ముందు షామీ కబాబులు చేసి ఫ్రీజరు నింపుకునే మనిషి. ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చి కిటికీలోంచి చూసింది.

“అరె, గట్ల కాదు మాధవీ. తడి ఉంటె ఫ్రీజర్ల పగుల్తది. ఇంకింత పిండు, పుట్నాల పిండి కలుపు. పళ్లెంల దూరం దూరం పెట్టి ముందుగాల రాయి లెక్క కానీ. అటెన్క డబ్బల పేర్చు.” తర్వాత గొంతు తగ్గించి నవ్వింది. “ఇవి మా కబాబులే. గోష్ ఒక్కటే తక్కువ. మీ ఆయనకు చెప్పకు, మళ్లొకసారి స్నానం చేస్తడు.”

“చెప్పను ఆపా. మొన్ననే తిని, సాత్వికంగ ఉన్నయన్నడు” అంది మాధవి. ఇద్దరూ కిటికీకి అటూ ఇటూ నిలబడి కడుపుబ్బా నవ్వారు. నవ్వితే పొత్తికడుపులో కలుక్కుమంది, అయినా నవ్వింది.

బిళ్లకూ బిళ్లకూ మధ్య పెట్టడానికి, దుకాణంలో చీరల మీద వచ్చే ప్లాస్టిక్ కవర్లను గుండ్రంగా కత్తిరించుకుంది. ఆ నెలంతా తాను లేవలేని రోజుల్ని ముందుగానే వండింది. పొద్దున తురమడం, మధ్యాహ్నం పిండడం, సాయంత్రం తట్టడం. నిలబడలేనప్పుడు కింద పీట వేసుకుని కూర్చుని తట్టేది. చీర తడిసినట్టనిపిస్తే లేచి వెళ్లి మార్చుకుని వచ్చి మళ్లీ కూర్చునేది. “బిళ్లలు సరే, బట్టలెవ్వలు పిండాలె? కడుపు కోసినంక బిందె గుడ లేవట్టద్దట గదా” అనేది ఇంద్రమ్మ. మాధవి వినేది, తట్టేది. ఆపరేషన్ అంటే ఎవరికైనా భయం ఉంటుంది. ఆమెకు మాత్రం ఆ తర్వాత వచ్చే మంచం మీద ఆశ. చెల్లె అనురాధ సిరిసిల్ల నుంచి వస్తానంది. ఎవరో ఒకరు గ్లాసుతో నీళ్లు తెచ్చి చేతికిస్తే పడుకునే తాగడం ఎట్లా ఉంటుందో అనుకునేది. ఒక్కో డబ్బా నిండుతుంటే ఆ మంచం ఒక్కో అడుగు దగ్గరికి జరిగినట్టుండేది.

మంగళవారం పొద్దున ఆస్పత్రిలో చేరాలి. ఆదివారం అంగడికి వెళ్లి ఆఖరి వాయికి కూరగాయలు తెచ్చింది. వచ్చేసరికి ధనుంజయ్ లేడు. కొడిమ్యాల దగ్గర మామిడి తోటలో ధ్యానం వాళ్ల వనభోజనాలున్నాయని పొద్దున్నే చెప్పాడు. ఆమె తురిమింది, పిండింది, తట్టింది. పళ్లెం ఎత్తుకుని వెళ్లి, మోచేత్తో ఫ్రీజరు తలుపు తీసింది.

లోపల మంచు ఉంది. ఐసు ముక్కల ట్రే ఉంది. ఇంకేమీ లేదు.

చేతిలో పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడింది. చల్లటి పొగ వచ్చి ముఖానికి తగిలింది. ఎక్కడ పెట్టానో మరిచిపోయానా అని ఒక్క క్షణం తనమీద తనకే అనుమానమొచ్చింది. ఇంట్లో ఏది కనిపించకపోయినా ముందు తనను తాను అనుమానించుకోవడం ఆమెకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటు.

సాయంత్రం ధనుంజయ్ సంచి నిండా ఖాళీ డబ్బాలతో వచ్చాడు. వాటిని తెచ్చి సింకులో పెట్టాడు, కడగడానికి.

“ఏమన్న మెచ్చుకున్నరా మాధవీ! ఒక్కటి మిగల్లే. గురూజీ అయితే రెండుమాట్ల అడిగి పెట్టించుకున్నడు.”

“అవి నేను దవాఖానల ఉన్నప్పుడు మీరు తినేటందుకు చేసినయి” అంది మాధవి.

“ఎరుకనే. మంచి పనికే గదా పోయినయి? మళ్ల చేసుకో, నీకు ఇప్పుడు చెయ్యి తిరిగింది. ఆపరేషన్ దసర అయినంక పెట్టుకుందం. డాక్టరమ్మ యాడికన్న పోతదా?”

“నడుమల ప్లాస్టిక్ ముక్కలుండె?”

“గవా? పారేసినం.”

సోఫాలో కూర్చుని తల్లికి వీడియో చూపించాడు. మాధవికీ కనిపించింది. మామిడి చెట్టు కింద మైకు పట్టుకుని నిలబడ్డాడు. మెడలో తువ్వాల. “ఇవన్ని మానేస్తె ఇంట్ల శానా ఇబ్బంది అయితదని అందరంటరు. రెండేండ్లాయె, నాకైతె ఏ ఇబ్బంది కాలే. సంకల్పం ఉండాలె, గంతే” అంటున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మాధవి డబ్బాలు కడగడం మొదలుపెట్టింది. ఏ ఇబ్బంది కాలేదన్నది అబద్ధం కాదు. ఆయన నిజమే చెప్పాడు, అందుకే అది అంత లోతుగా దిగింది.

సోమవారం సాయంత్రం చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. జొన్నలు ఒక గిన్నెలో, పెసర్లు ఒక గిన్నెలో, బబ్బెర్లు ఒక గిన్నెలో పోసి కడిగి నీళ్లు పోసింది. దసరా దాకా అంటే ఎన్ని వాయిలు కావాలో మనసు లెక్క కట్టబోయింది. ఇంద్రమ్మ వంటింటి గడపలో కూర్చుని చూస్తోంది.

“మొకం గట్ల పెట్టకు. నేను ఆగలేదా?” అంది. “నీ మొగుడు పుట్టినంక నాకు గర్భసంచి జారింది. సిరిసిల్ల దవాఖానల కుట్లేస్తం రమ్మన్నరు. మీ మామ ఏమన్నడు? ఇంట్లకు సరిపోను పిండి, కారం, తొక్కు అన్ని చేసి పెట్టి పో అన్నడు. నేను విసిరిన, దంచిన. కుండ నిండుతుండె, మగ్గం కాడి నుంచి లేసి వచ్చి తింటుండ్రి, ఒడుస్తుండె. నిండినంక పోదామనుకున్న.”

“మళ్ల పోయినవా అత్తమ్మా?”

“యాడ పోయిన? నిండితె గదా పోవుడు. ఇగో, ఇయ్యాల్టి దాక గుడ్డ కట్టుకునే తిరుగుతున్న. సచ్చిన్నా?”

గొప్పగా చెప్పింది ఇంద్రమ్మ. పందెంలో గెలిచినదానిలా చెప్పింది. చెప్పి, గోడ పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టుకుంటూ లేచింది. ఆ నడకను మాధవి పెళ్లయి వచ్చిన రోజు నుంచీ చూస్తోంది. ముసలితనం నడక అనుకుంది ఇన్నాళ్లూ. కానీ తాను వచ్చిననాటికి ఆమె ముసలిది కాదు. ఇప్పటి తన వయసే.

మాధవి గిన్నెల మీద మూతలు పెట్టింది. కిటికీ దగ్గరికి వెళ్లి “ఆపా, రేపు నాతోని జగిత్యాల వస్తవా?” అని అడిగింది. సర్వర్ బీ మిషను ఆగింది. “ఎన్ని గంటలకు?” అంది, ఇంకేమీ అడగకుండా.

మంగళవారం పొద్దున ధనుంజయ్ హాల్లో చాప మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మాధవి సంచి భుజానికి వేసుకుని ఆయన ముందు నిలబడింది. “దవాఖానకు పోతున్న” అంది. ఆయన కళ్లు తెరవలేదు. ఒళ్లోంచి ఒక వేలు ఎత్తి, ఆగమన్నట్టు చూపించాడు.

ఆమె ఆగలేదు.

బస్సు ఊరు దాటి పసుపు చేల మధ్యకు వచ్చాక ఫోను మోగింది.

“ఏడున్నవ్? నువ్వు నిజంగనే పోతవనుకోలే నేను. చెప్పద్దా?”

“చెప్పిన.”

“ధ్యానంల ఉంటె చెప్తరా? సరే తియ్. వంటింట్ల ఇన్ని గిన్నెలల్ల నానబెట్టి పోయినవ్, జొన్నలు ఉబ్బి మూత లేస్తున్నది. మధ్యాహ్నానికి ఏం లేదు. ఇవన్ని ఇప్పుడు ఎవ్వలు చెయ్యాలె?”

మాధవి కిటికీలోంచి బయటికి చూసింది. పక్కన సర్వర్ బీ ఆమె ముఖంలోకే చూస్తోంది.

“ఆకలైనోళ్లు” అంది మాధవి.