అయిదు లైన్ల ఖాళీ

బ్యాంకు దగ్గర గార్డు మారిన సంగతి రాసి, టైము తొమ్మిదీ ఇరవై వేసి, జ్ఞానసుందరి ఆ వరస కిందనే స్కేలు ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు గీత కొట్టింది. గీతకూ అక్షరాలకూ మధ్య చీమ దూరే సందు లేదు.

ఆమె హెడ్ కానిస్టేబులు. పొట్టి మనిషి. ఖాకీ ప్యాంటు కింద రెండు మోకాళ్లకూ పట్టీలు, ముక్కు మీద ఎప్పుడూ జారే కళ్లద్దాలు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క దొంగనూ పట్టుకోలేదు, ఒక్క పతకమూ రాలేదు. చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఏ స్టేషన్‌కు వేసినా లాఠీ బదులు పెన్ను చేతికిచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. పని జనరల్ డైరీ రాయడం; అందరూ జీడీ అంటారు. స్టేషన్లోకి ఎవరు వచ్చినా, ఎవరు వెళ్లినా టైముతో సహా అందులో పడాలి. పేజీలకు నంబర్లుంటాయి కాబట్టి చింపడానికి వీల్లేదు.

చింపకుండా పని జరిగే దారి డైరీ రాసే రైటర్లందరికీ తెలుసు. మధ్యలో నాలుగైదు లైన్లు ఖాళీ వదులుతారు. పొద్దున్న తెచ్చిన మనిషిని సాయంత్రం తెచ్చినట్టు చూపాలన్నా, అసలు తేనట్టే చూపాలన్నా ఆ ఖాళీ ఉండాలి. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. ఎవరైనా వస్తారేమోనని ఎసట్లో గుప్పెడు బియ్యం ఎక్కువ పోసినంత మామూలుగా జరిగిపోతుంది.

ఆమె కూడా వదిలింది. పన్నెండేళ్ల కిందట, వేరే స్టేషన్లో, చినబాబు అని సాలూరు లారీ క్లీనరు తన కాళ్ల మీద నడిచి లోపలికొచ్చాడు. నాలుగు లైన్లు వదలమన్నారు. మర్నాడు ఇద్దరు మోసుకెళ్లారు. ఆ నాలుగు లైన్లలో ‘బాత్రూంలో జారిపడ్డాడు’ అని పైవాళ్లు చెబుతుంటే ఆమే రాసింది. విచారణకు వచ్చిన అధికారి పేజీ తిప్పి చూసి, రాత ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నాడు. ఆ ఆదివారం చర్చిలో ఆమె పాట అందుకోలేదు. భర్త స్టాన్లీ ఏమైందని అడిగితే జలుబన్నది.

రెండేళ్ల కిందట విజయనగరంలో క్లాసులు పెట్టారు. పోలీసు శాఖను మార్చుకోవడంలో పై దేశాల వాళ్లు ఏం చేశారో ఒక రిటైరైన అధికారి చెప్పాడు. జపాన్లో వీధి వీధికీ చిన్న పోలీసు గది ఉంటుందట. జార్జియాలో ట్రాఫిక్ పోలీసులందరినీ ఒక్కసారిగా తీసేసి కొత్తవాళ్లను పెట్టుకున్నారట. ఆమెతో పాటు వెళ్లిన కానిస్టేబులు గిరిబాబు లేచి, "తీసేసినోళ్లకి పింఛనిచ్చారా సార్?" అని అడిగితే హాలంతా నవ్వింది. తరవాత ఇంగ్లాండు సంగతి వచ్చింది. అక్కడ స్టేషన్‌కు తెచ్చిన మనిషికి ఒక సార్జెంటు పూచీ. కేసుతో అతనికి సంబంధం ఉండకూడదు. వచ్చిన టైము, ఒంటి మీద దెబ్బలు, తిండి, నిద్ర అన్నీ అతనే రాయాలి. పైవాళ్లు కాదన్నా ఆ పూచీ అతనిదే. అప్పటికే వెనక వరసల్లో గురకలు మొదలయ్యాయి. జ్ఞానసుందరి మాత్రం నోట్సులో రాసుకుంది. సార్జెంటంటే ఎంతవాడు? ఇంచుమించు హెడ్డే.

ఆ మర్నాటి నుంచి ఆమె లైను వదల్లేదు. ఇన్నాళ్లూ అది ఎవరికీ అడ్డం రాలేదు కూడా.

తొమ్మిదీ నలభైకి జీపు ఆగింది. ఎస్సై ఉమాశంకర్ ముందు దిగాడు. వెనక నుంచి ఒక మనిషిని దింపారు. నలభై ఏళ్లుంటాయి, ఉప్పుగాలికి కమిలిన ఒళ్లు, పక్క పేటలో చేపల వేటకెళ్లేవాడు. ఆ పేటలో రెండు బోటింజన్లు పోయి వారమైంది.

"మేడమ్, అయిదు లైన్లు వదిలెయ్యండి. సాయంత్రం చూద్దాం" అన్నాడు ఎస్సై, ఫోనులోంచి తలెత్తకుండా.

జ్ఞానసుందరి కళ్లద్దాలు పైకి తోసుకుంది. "నీ పేరేటి?"

"నూకయ్యమ్మా. నానేటీ సెయ్యనేదు."

"సేసావో నేదో నేనడగనేదు. ఒంటి మీద దెబ్బలున్నాయా? సొక్కా ఇప్పు."

అతను విప్పాడు. వీపు చూసింది, చేతులు చూసింది. కుడి అరచేతిలో తెల్లటి గాటుంది.

"ఇదేటి?"

"గేలం కోసీసినాది. మూడేళ్లయినాది."

అదీ రాసింది. ‘ఉదయం 9.40. నూకయ్యను ఎస్సై గారు తెచ్చారు. నడిచి వచ్చాడు. కుడి అరచేతిలో పాత గాటు. వేరే దెబ్బలు లేవు.’ గీత కొట్టింది. కంప్యూటర్లోకీ ఎక్కించేసింది.

ఎస్సై ఫోను దించాడు. "నేను చెప్పింది వినబడిందా?"

"వినబడింది సార్. రాసీసినాను."

"పైనుంచి ఎన్ని ఫోన్లొస్తున్నాయో మీకు తెలుసా? మీ ఇంగ్లాండు పాఠాలు ఇక్కడ పనికిరావు."

"ఇంగ్లాండులో కూడా దొంగలు దొరుకుతన్నారు సార్."

గిరిబాబు దగ్గు వచ్చినట్టు బయటికెళ్లిపోయాడు. ఎస్సై తన గదిలోకెళ్లి తలుపు వేసుకున్నాక, గిరిబాబు తిరిగొచ్చి బల్ల మీదికి వంగాడు. "అక్కా, నీకేటైనా పిచ్చా? ఏజెన్సీ కొండల్లోకి తోసీస్తారు."

"అక్కడ మాత్రం జీడీ ఉండదేటిరా?"

నూకయ్యను వెనక గదిలోకి కాదు, ఆమె బల్లకు ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టారు. మరి రాసుంది. దెబ్బల్లేవని రాసున్న ఒంటి మీద దెబ్బ పడితే ఎవరి చేతిదో చెప్పాలి. ఎస్సై రెండుసార్లు వచ్చి ప్రశ్నలడిగాడు. రెండుసార్లూ ఆమె టైము వేసింది. తన క్యారేజీలో పులిహోర మూతలో పెట్టి నూకయ్య ముందుకు తోసి, ‘1.15. తిన్నాడు’ అని కూడా రాసింది.

మధ్యాహ్నం అతని భార్య దేవి వచ్చింది. ఎండలో పేట నుంచి నడిచింది. గుమ్మం బయట నిలబడితే లోపలి బెంచీ కనబడదు.

"అమ్మా, మా మావ ఉన్నాడా?"

"రా లోపలికి. ఇదిగో, నీ మొగుడు. సూసుకో."

దేవి చూసింది. తల నుంచి కాళ్ల దాకా, సంతలో గొడ్డును చూసినట్టు చూసింది. అప్పుడు ఏడ్చింది.

జ్ఞానసుందరి పుస్తకం ఆమె వైపు తిప్పింది. "ఈ వరస సూడు. నడిసొచ్చినాడని రాసున్నాది. నడిసే ఎల్తాడు."

దేవికి చదువు రాదు. అయినా ఆ వరస మీద వేలు పెట్టి, చివరి దాకా జరిపింది.

నాలుగ్గంటలకు పైఆఫీసు నుంచి కాగితం వచ్చింది. హెడ్ కానిస్టేబులు జ్ఞానసుందరిని వెంటనే పంపించాలి. జిల్లా కేంద్రంలో రిపోర్టు చెయ్యాలి, తరవాత పోస్టింగు చెబుతారు. ఆమె రెండుసార్లు చదివి మడత పెట్టుకుంది.

"నూకయ్య సంగతి తేల్చండి సార్. తేలాకే ఎల్తాను."

ఎస్సై దగ్గర ఇంజన్లు లేవు, సాక్షి లేడు, ఖాళీ లైన్లూ లేవు. అయిదూ పదికి, పిలిస్తే రావాలని నోటీసిచ్చి పంపించేశాడు. దేవి మొగుడి మణికట్టు పట్టుకుని గేటు దాటింది. ఇద్దరూ వెనక్కి చూడలేదు.

స్టేషన్ వదిలే ఉద్యోగి తన సంగతి తనే డైరీలో రాయాలి. జ్ఞానసుందరి కూర్చుంది. ‘సాయంత్రం 5.30. బదిలీ మీద వెళ్తున్నాను. కారణం: జీడీలో అయిదు లైన్లు ఖాళీ వదలమన్న ఆదేశాన్ని పాటించనందుకు.’

వెనక నుంచి చదువుతున్న ఎస్సై ముఖం నల్లబడింది. "కారణం రాయాలని ఎక్కడుంది?"

"రాయొద్దని కూడా ఎక్కడా నేదు సార్."

సంతకం పెట్టింది. కిందనే గీత కొట్టింది. పెన్ను, తాళాలు, స్కేలు గిరిబాబు చేతిలో పెట్టింది. అతను నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. సర్వీసులో ఆమెకు మనసుతో కొట్టిన సెల్యూట్ అదొక్కటే. ఖాళీ క్యారేజీ ఊపుకుంటూ, మోకాళ్ల మీద చెయ్యేసుకుంటూ నాలుగు మెట్లూ దిగి, ఆమదాలవలస వెళ్లే ఆటో ఎక్కింది.

గిరిబాబు గుమ్మం దాకా వచ్చి చూస్తూ నిలబడ్డాడు. కింది మెట్టు పక్కన, పొద్దున్న నూకయ్య విడిచి, వెళ్లేటప్పుడు మరిచిపోయిన రబ్బరు చెప్పుల జత, మడమల దగ్గర కాగితమంత పల్చగా అరిగిపోయి, స్టేషన్ వైపే మొహం పెట్టుకుని ఉంది.