రెండూ ఎడమ చేతులే

మా టైలరు షాపులో కటింగ్ మాస్టారు నాకు తమ్ముడి లెక్క. ఆయన బట్ట కోస్తాడు. నేను కాజాలు కుట్టి, బొత్తాలు వేసి, మధ్యమధ్యలో ఆయన్ని ఆటపట్టిస్తాను. జీతం మొదటి రెండింటికే.

ఈమధ్య మనిషి మారిపోయాడు. జోకేస్తే కస్సుమంటాడు. టేపు మెడలో వేసుకుని, దాని కోసం షాపంతా వెతుకుతాడు. మొన్న ఒక కోటుకు రెండూ ఎడమ చేతులే కోశాడు. "కోటు కుట్టించుకున్నాయన్ని కుడిచెయ్యి ఇంట్లో పెట్టి రమ్మని కబురు చేద్దాంలే" అన్నాను. మామూలుగా అయితే పగలబడి నవ్వేవాడు. ఆ రోజు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఓనరైతే, ఇంకొక్క బట్ట పాడైతే కత్తెర వేరేవాళ్ల చేతికిస్తానని ముఖం మీదే చెప్పేశాడు.

తర్వాత మాస్టారు నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, నాకు పిచ్చెక్కుతోందేమో. నిద్ర పట్టదు. ఊరికే ఏడుపొస్తోంది."

"కొత్తగా ఎక్కడానికి ఖాళీ ఎక్కడుందిలే" అనేశాను. నా నోరు పడిపోను! ఆయన ముఖం చూశాక చెంపలేసుకోవాలనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పుతుంటే వాళ్లావిడ వచ్చింది. వస్తూనే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం వదినా, మీ తమ్ముడికి ఇక్కడ రోజూ ఏం విందులు పెడుతున్నారు? ఇంట్లో ముద్ద ముట్టడు. అడిగితే షాపులో అక్క పెట్టిందంటాడు."

నా చేతిలో మూత అలాగే ఉండిపోయింది. నేను తినడానికి పిలిచినప్పుడల్లా ఈ మహానుభావుడు "ఇంట్లో ఫుల్లుగా తినొచ్చానక్కా" అంటూ ఇస్త్రీ బల్ల వైపు తప్పుకునేవాడు. ఆర్డర్లు తగ్గి సగం రోజులే పని ఉంటోందని తెలుసు. ఇంతదాకా వచ్చిందని మాత్రం తట్టలేదు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ ఆయన్ని చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒరేయ్, కడుపు మాడ్చుకుని పిచ్చెక్కిందంటావా?"

"పిల్లలకీ, దీనికీ సరిపోవాలి కదక్కా" అన్నాడు నేల చూస్తూ. "ఆకలి ఎలాగో ఓర్చుకుంటున్నా. రేపెలాగన్న బెంగే తినేస్తోంది."

మా మరదలు ఆయన వీపు మీద ఒక్కటిచ్చి, స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది.

అంతా విన్న ఓనరు కత్తెర తీసి సొరుగులో పెట్టి తాళం వేశాడు. మాస్టారి ముఖం పాలిపోయింది.

"తిన్నాకే ఇస్తా. రేపట్నుంచి బియ్యం నేను తెస్తా, అక్క వండుతుంది. ఖాళీ కడుపుతో నా బట్ట ముట్టుకుంటే ఊరుకోను" అన్నాడు. నన్నొక్క మాటైనా అడక్కుండా వంట నాకు అంటగట్టాడు. అదీ ఓనరు తెలివి!

నా క్యారేజీ భార్యాభర్తల మధ్య పెట్టాను. మాస్టారు ముద్ద కలిపి, నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాడు.

"అక్కా, నిజంగా రేపు కూడా ఉంటుందా?"

నలభై దాటిన మనిషి అడగాల్సిన మాటేనా అది?

"ఉండక ఎక్కడికి పోతుంది? ముందు నోరు మూసుకుని తిను!" అని కసిరాను. నోరు మూసుకుని ఎలా తింటాడో, ఆ క్షణాన నాకు తోచలేదు. ఏడుపు ఆపుకోవడమే సరిపోయింది.